బొమ్మలో లేని చుక్క

ఆ తరగతి గదికి తెర లేదు. తెరా, ప్రొజెక్టరూ రెండూ కావాలని, లెక్కలన్నీ బొమ్మలేసి చెప్పే బొమ్మల మాస్టారు అడగ్గా అడగ్గా, చివరికి ప్రొజెక్టరు ఒక్కటే వచ్చింది. ఆయన దానికేమీ చిన్నబుచ్చుకోలేదు. కంప్యూటర్లో వెనకరంగు నలుపు చేసి, గీతని తెలుపు చేసి, బొమ్మని తిన్నగా నల్లబల్ల మీదే పడేలా పెట్టుకున్నాడు. చూసేవాళ్ళకి, ఎవరో కంటికి కనబడని మనిషి సుద్దముక్క పట్టుకుని గీస్తున్నట్టే ఉండేది.

"ఇదిగో, మీ పరీక్షలో వచ్చింది ఇదే. వై స్క్వేరు ఈక్వల్టు ఎక్స్ క్యూబు మైనస్ ఎక్స్ స్క్వేరు. చూడండి, ఒకటి దగ్గర పుట్టింది. కుడివైపు నోరు తెరుచుకుంటూ పోయింది. ఎడమపక్కకి రండి. ఏముంది?"

"ఏమీ లేదు సార్!" అన్నారు ఆడపిల్లలందరూ ఒక్క గొంతుతో.

"ఏమీ లేదు. కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉంది."

క్లాసు నవ్వింది. రెండో బెంచీలో ఆయన కూతురు చిట్టి కూడా నవ్వింది. ఎంపిక జాబితా అంటించిన దగ్గర్నుంచి ఆ పిల్ల ముఖాన నవ్వు చెరగడం లేదు. ఏటా పరీక్ష పెట్టి ఈ కాలేజీ నుంచి ఒక్కరినే గణిత విద్యాలయానికి పంపుతారు. అక్కడే ఉండి చదువుకోవాలి. అందులో అడుగుపెట్టినవాళ్ళు ఇంక దారి వెతుక్కోనక్కర్లేదంటారు. ఈసారి ఆ సీటు చిట్టిది.

కూతురు రాస్తోందని మాస్టారు ఆ పరీక్షకి ఆమడ దూరంలో ఉన్నాడు. ప్రశ్నలిచ్చింది ఆయనతోపాటు లెక్కలు చెప్పే కుర్ర మాస్టారు, దిద్దిందీ ఆ కుర్రాయనే. ఫలితం వచ్చిన పొద్దున దేవుడి పటం ముందు దణ్ణం పెట్టుకుంటూ, "స్వామీ, నా వల్ల ఒక్క మార్కు అటూ ఇటూ కాలేదు. నీకు తెలుసు" అని చెప్పుకున్నాడు. అలా చెప్పుకోవడంలో కాస్త గర్వం ఉంది. అది ఉన్నట్టు ఆయనకీ తెలుసు.

గంట కొట్టారు. పిల్లలు బిలబిలమంటూ బయటికి పోయారు. మాస్టారు ప్రొజెక్టరు ఆపి, వైరు మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్టుకుంటూ ఉంటే, బల్ల దగ్గర ఎవరో నిలబడ్డట్టయింది.

చుక్కల పిల్ల. ఆ పేరు తోటిపిల్లలు పెట్టిందే. ఏ వక్రం గీయమన్నా ముందు లెక్క వేసి చుక్కలు, చుక్కలు, కాగితం నిండా చుక్కలు పెట్టి, ఆ తరవాతే గీత కలుపుతుంది. ఇంట్లో కంప్యూటరు లేదు. తల్లీ తండ్రీ లేరు, మేనత్త దగ్గర పెరుగుతోంది. చిట్టి తరవాతి పేరు ఆ పిల్లదే. ఒకే ఒక్క ప్రశ్న దగ్గర వెనకబడింది.

"సార్, ఒక్క మాట అడగొచ్చా?"

"అడుగమ్మా."

"ఈ లెక్కలో నేను సున్నా దగ్గర ఒక చుక్క పెట్టాను. అదెందుకు తప్పయింది సార్?"

మాస్టారు వైరు చుట్టడం ఆపలేదు. గడ్డంతో నల్లబల్లవైపు చూపించాడు. "ఇప్పుడే చూశావు కదా తల్లీ. బొమ్మలో లేదు."

ఆ పిల్ల ఖాళీ బల్లకేసి ఒకసారి చూసింది. "సరే సార్" అంది. పుస్తకాలు ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకుంది.

"బెంగపెట్టుకోకు. వచ్చే ఏడు మళ్ళీ రాయొచ్చు."

"లేదు సార్. నెలాఖరు నుంచి నేను రాను. అత్తయ్యకి చేతులు వణుకుతున్నాయి, ఇస్త్రీపెట్టె పట్టుకోలేకపోతోంది. సీటొస్తే పంపుతానంది. రాలేదుగా, కొట్లో కూర్చుంటాను." ఎవరి మీదా నిష్ఠూరం లేకుండా, బస్సు వేళ చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మాస్టారు ఇస్త్రీకిచ్చిన చొక్కా తెచ్చుకుందామని ఆ కొట్టుకే వెళ్ళాడు. మేనత్త ఓ మూల ముక్కాలిపీట మీద కూర్చుని మడతలు సరిచేస్తోంది. చుక్కల పిల్ల బల్ల దగ్గర నిలబడి పెట్టె తోస్తోంది.

"కూర్చోండి మాస్టారూ, మీదే చేస్తోంది. మా పిల్లకి తొందరంటే తెలీదు. చొక్కా చేసేలోపు తొడుక్కునేవాడు ముసలాడైపోతాడు."

"పోనీ అత్తయ్యా, కాల్చడంకంటే నయం కదా" అంది పిల్ల తలెత్తకుండా.

ఆ పిల్ల చొక్కా పరిచింది. గిన్నెలో వేళ్ళు ముంచి నీళ్ళు చిలకరించింది. ఊరికే విదిలించలేదు. కాలరు దగ్గర, భుజం దగ్గర, గుండీల పట్టీ పక్కన, ఒక్కోచోట ఒక్కో బొట్టు పడేలా వేళ్ళు ఆడించింది. తెల్లబట్ట మీద తడి చుక్కలు వరసగా తేలాయి. అప్పుడు పెట్టె అందుకుంది.

మాస్టారు ఆ చుక్కల్ని చూస్తూ, చేసే పనేమీ లేక, మనసులో లెక్క వేశాడు. ఎక్స్ అయిదు. క్యూబు నూట పాతిక, అందులోంచి ఇరవై అయిదు పోతే వంద. వై పది. సరే. ఎక్స్ రెండు. ఎనిమిదిలోంచి నాలుగు పోతే నాలుగు. వై రెండు. సరే. ఒకటి. ఒకటిలోంచి ఒకటి పోతే సున్నా. సరే, అక్కడే కదా పుట్టింది. అర. రుణం వస్తోంది, వర్గమూలం లేదు. అందుకే అక్కడ గీత లేదు. సున్నా.

సున్నా క్యూబు సున్నా. సున్నా స్క్వేరు సున్నా. సున్నాలోంచి సున్నా పోతే సున్నా. వై సున్నా.

సరిపోయింది.

ఆయన మళ్ళీ వేశాడు. వెయ్యడానికేముంది అందులో? ఎన్నిసార్లు వేసినా సున్నా సున్నాయే. బడిలో కొత్తగా చేరిన పిల్లవాడు కూడా చెయ్యగలడు ఆ లెక్క. మాస్టారు లేచి రోడ్డు మీదికి నడిచాడు.

"మాస్టారూ, చొక్కా! చొక్కా మర్చిపోయారు!" అని మేనత్త కేకేస్తూనే ఉంది.

ఇంటికి వచ్చేసరికి భార్య వరండాలో కూర్చుని దుప్పటి మూలకి ఎర్రదారంతో గుర్తు కుడుతోంది. విద్యాలయంలో అందరి బట్టలూ ఒక్కచోట ఉతుకుతారట, గుర్తు లేకపోతే కలిసిపోతాయట. ఆవిడ పక్కన కుట్టేసినవి ఒక దొంతర, కుట్టవలసినవి ఒక దొంతర.

"చొక్కా ఏదీ?"

"ఇంకా అవలేదు" అన్నాడు. ఊరికే అబద్ధం ఆడే మనిషి కాదు. ఎందుకాడాడో ఆయనకే తెలియలేదు.

కంప్యూటరు ముందు కూర్చుని బొమ్మ పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. రెండు అక్షాలూ కలిసే చోటు గది గుమ్మమంత అయింది. అక్కడ ఏమీ లేదు, శుభ్రమైన నలుపు. అప్పుడు ఆయనకి అర్థమైంది. ఆ యంత్రం బొమ్మనంతా చిన్న చిన్న గళ్ళుగా కోసుకుంటుంది. మూలమూలకీ లెక్క వేసి, గడి ఒక మూల కూడిక గుర్తు, ఇంకో మూల తీసివేత గుర్తు వస్తేనే ఈ మధ్యలో గీత ఉందని వేస్తుంది. ఈ ఒక్క చుక్క చుట్టూ ఎటు చూసినా కూడికే. తనవాళ్ళెవరూ పక్కన లేని చుక్క అది. దాని జాడ ఆ యంత్రానికి తెలిసే దారి లేదు.

ఆయనకి ఎండాకాలం గుర్తొచ్చింది. క్లాసుల కోసం ఈ బొమ్మలన్నీ తనూ చిట్టీ కలిసే చేశారు. ఈ వక్రానికి కింద, అందులోని అంకె మార్చే జారుడు మీట ఒకటి పెట్టారు. మీట కుడివైపుకి తోస్తే గీత తనమీద తానే అడ్డంపడి, ఎడమపక్క చెవిలాంటి మెలిక ఒకటి వేసుకునేది. మీట వెనక్కి జరిపేకొద్దీ మెలిక చిన్నదై, ఇంకా చిన్నదై, ముల్లులా మొన తేలి, ఇంకొంచెం జరిపితే మాయం. చిట్టి పదేపదే మీటని అటూ ఇటూ తోస్తూ, "నాన్నా, మెలిక ఎక్కడికి పోయింది?" అని అడిగింది. ఆయన నవ్వి, "పోయింది, అంతే. పోయినవాటిని ఎక్కడికని అడుగుతామా?" అన్నాడు.

మర్నాడు కుర్ర మాస్టార్ని పక్కకి పిలిచి కాగితాలు చూపించమన్నాడు. చుక్కల పిల్ల కాగితం మీద, రెండు అక్షాలూ కలిసే చోట పెన్సిలు చుక్క ఉంది. దాని చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, పక్కన ఇంటూ గుర్తు కొట్టి ఉంది.

"ఇది రైటు" అన్నాడు బొమ్మల మాస్టారు.

"అదేంటి మాస్టారూ? నేను మీ బొమ్మ పక్కన పెట్టుకునే దిద్దాను. అచ్చం మీ బొమ్మలా వేసింది మీ అమ్మాయొక్కతే."

"ఎక్స్ సున్నా వేసి చూడు."

కుర్ర మాస్టారు పెదవులు కదిపాడు. ముఖం మాడిపోయింది. "ఒక్క చుక్క కదండీ" అన్నాడు మెల్లిగా. "అందరికీ తెలిసిపోయాక ఇప్పుడీ రభస ఎందుకు? పైగా లాభం మీ ఇంటికే కదా. నేనైతే నోరు మూసుకుని ఊరుకుందును."

ఆ మాట విని మాస్టారికి కోపం రాలేదు. లోపల తనలో ఎవరో పొద్దుట్నుంచి అంటున్న మాటే అది.

ప్రిన్సిపాలు అంతా విన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మాస్టారూ, మీరు ధర్మరాజులాంటివాళ్ళు, కాదనను. కానీ పేరు పైకి వెళ్ళిపోయింది. ఇప్పుడు దిద్దడంలో తప్పు జరిగిందని రాస్తే, వచ్చే ఏడు నుంచి మనకి సీటే లేకుండా చేస్తారు. అప్పుడు మిగతా పిల్లల మాటేంటి?"

"మరి ఈ పిల్ల మాట?"

"ఒక్క దారుంది. వెళ్ళవలసిన అమ్మాయి తనంతట తాను వెళ్ళనంటే రెండో పేరు పంపొచ్చు. దానికి ఎవరూ ప్రశ్న వెయ్యరు." ఆయన కళ్ళజోడు పెట్టుకుని మాస్టారి ముఖం చూడకుండా అన్నాడు. "అది మీరూ మీ అమ్మాయీ తేల్చుకోవలసిన మాట. నేను అడగను."

ఇంటికి వచ్చి భార్యతో చెప్పాడు. ఆవిడ సూది ఆపి విన్నది. విన్నాక దారం పళ్ళతో కొరికింది.

"ఊళ్ళోవాళ్ళ పిల్లలకి న్యాయం చెయ్యడానికి మీకు మన పిల్లే దొరికిందా?"

"నేనేమీ చెయ్యలేదే. తప్పు నా బొమ్మలో ఉంది."

"అయితే బొమ్మ దిద్దుకోండి. పిల్లని దిద్దడమెందుకు? రాత్రీ పగలూ చదివింది. మీ కంప్యూటరు గుడ్డిదైతే పిల్ల నోటి దగ్గర కూడు లాగేస్తారా?" ఆవిడ దుప్పటి పక్కకి తోసింది. "అడిగే ధైర్యం ఉంటే మీరే అడగండి. నన్ను మధ్యలో పెట్టకండి."

అడిగే ధైర్యం ఆయనకి లేదు. పొద్దుపోయే వేళ దేవుడి ముందు దీపం పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. "నాకు నోరియ్యి స్వామీ" అని అడగబోయాడు. అలా అడగబోతే ఇంకో ప్రశ్న అడ్డుపడింది. తప్పు చేసినవాడు ఒకడైతే విడిచిపెట్టవలసింది ఇంకొకరా? నీ లెక్క అలాగే ఉంటుందా? దీపం నిలకడగా వెలుగుతోంది.  

లేచి కంప్యూటరు దగ్గరికి వెళ్ళాడు. కనీసం బొమ్మయినా దిద్దుదామనుకున్నాడు. వక్రం దానంతటది చుక్కని వెయ్యదు కాబట్టి, చుక్కని విడిగా, సున్నా కామా సున్నా అని చేత్తో రాసి పెట్టాలి. రాశాడు. నల్లటి మధ్యలో తెల్లని చుక్క ఒకటి వెలిగింది.

వెనక గుమ్మంలో చిట్టి నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి ఉందో.

"అది అక్కడ ఉందా నాన్నా?"

ఆయన వెనక్కి తిరగలేదు. "ఉందమ్మా."

"మొదట్నుంచీ ఉందా?"

"మొదట్నుంచీ ఉంది. మెలిక చిన్నదై చిన్నదై అదే అయింది. మీట ఎటు తోసినా ఆ చుక్క అక్కడే ఉంటుంది. నేనే చూడలేదు."

చిట్టి దగ్గరికి వచ్చింది. తెర మీద చుక్క మీద వేలు పెట్టింది, వేడిగా ఉందేమోనని చూస్తున్నట్టు.

"నేనూ పెట్టాను" అంది.

"ఏంటి?"

"పరీక్షలో. సున్నా వేసి చూస్తే వచ్చింది. చుక్క పెట్టాను. తరవాత తుడిచేశాను."

మాస్టారు అప్పుడు తిరిగి చూశాడు. "ఎందుకమ్మా తుడిచావు?"

"నువ్వు పోయిందన్నావు కదా." పిల్ల గొంతులో కోపం లేదు. ఆశ్చర్యం ఉంది, అంతే. "నా లెక్కే తప్పయి ఉంటుందనుకున్నాను. మళ్ళీ వేశాను, మళ్ళీ వచ్చింది. అయినా తుడిచేశాను."

బయట వరండాలో దుప్పటి దులుపుతున్న చప్పుడు వినబడింది, ఆగిపోయింది.

"మరి అది తుడవలేదా? చుక్కల పిల్ల?"

"తుడవలేదు."

 ప్రిన్సిపాలు గారి మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది, వచ్చి అక్కడే ఉండిపోయింది. పిల్ల లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. అన్నానికి పిలిస్తే ఆకలి లేదంది.

పొద్దున మాస్టారు లేచేసరికి చిట్టి చెప్పులు గుమ్మంలో లేవు. రోజూ తండ్రీ కూతుళ్ళిద్దరూ కలిసే వెళతారు, దారిపొడుగునా ఆయన ఒక లెక్క ఇస్తే ఆ పిల్ల వేళ్ళ మీద వేస్తూ నడుస్తుంది. ఆ రోజు ఆయన ఒక్కడే వెళ్ళాడు. కాలేజీ వసారాలో కూతురు ప్రిన్సిపాలు గారి గదిలోంచి వస్తూ ఎదురైంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, జడ మాత్రం నున్నగా దువ్వుకుంది.

"చెప్పేశాను" అంది. "నాకు ఇంటి మీద బెంగ, వెళ్ళనని చెప్పాను. ఆయన రెండు మాటలైనా అడగలేదు. నువ్వు ముందే చెప్పి ఉంచావా?"

"చెప్పానమ్మా. కానీ నిన్ను..."

"నన్ను అడగలేదు కదా." ఆ పిల్ల ఆయన చొక్కా గుండీ కేసి చూసింది. "అడిగితే బాగుండేది నాన్నా. అమ్మ నీతో అన్న మాటలు విన్నాను. నువ్వు అడుగుతావని తెల్లారేదాకా చూశాను." పక్కనుంచి తప్పుకుని క్లాసుకి వెళ్ళిపోయింది.

మాస్టారు అక్కడే నిలబడ్డాడు. తన నోటితో ఆ మాట అడగవలసిన పని తప్పిందని గుండెలో ఏదో మూల తేలికపడింది. ఆ తేలికే ఆయనకి భరించరానిదయింది.

తరవాతి రోజుల్లో ఇంట్లో మాటలు తగ్గాయి. భార్య వరండాలోనే కూర్చునేది, ఇప్పుడు సూది మొనతో ఎర్రదారం గుర్తులు ఒక్కొక్కటే విప్పేది. కొన్ని విప్పినా బట్ట మీద చిల్లుల వరస ఉండిపోయింది. "ఉతికితే పోతాయిలే" అనేది, ఎవరూ అడగకపోయినా.

చుక్కల పిల్ల ప్రయాణమయ్యే రోజు మేనత్త ఇస్త్రీ చొక్కా పట్టుకుని స్వయంగా వచ్చింది. చేయి నిజంగానే వణుకుతోంది. "ఇన్నాళ్ళూ మా దగ్గరే ఉండిపోయింది మాస్టారూ. మా పిల్లే చేసింది, కాల్చలేదు" అంది. చుక్కల పిల్ల గేటు బయటే నిలబడింది. చిట్టి గబగబా లోపలికి వెళ్ళి, తన కోసం కొన్న కొత్త గ్రాఫు కాగితాల పుస్తకం తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"నీకొద్దా?"

"నీకే ఎక్కువ కాగితాలు పడతాయి. నీ చుక్కలకి ఇదొక్కటే సరిపోతుందా అసలు?"

ఇద్దరూ నవ్వారు. చుక్కల పిల్ల ముందు ఆపేసింది. "నీకు ఇంటి మీద బెంగ ఎప్పట్నుంచే?" అని అడిగింది, చిట్టి ముఖంలోకి సూటిగా చూసి.

"వెళ్ళు, బస్సు పోతుంది" అంది చిట్టి.

మర్నాడు క్లాసులో మాస్టారు ఆ వక్రాన్నే మళ్ళీ వేశాడు. కంప్యూటర్లో పెట్టిన చుక్కని తీసేసి వట్టి వక్రమే వేశాడు. మీట కుడివైపు ఉంది. నల్లబల్ల మీద తెల్లని మెలిక కనిపించింది.

"కిందటిసారి నేను మీకు ఇది తప్పు చెప్పాను" అన్నాడు. పిల్లలు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. ఆయన మీట మెల్లిగా ఎడమకి తోశాడు. మెలిక చిన్నదయింది, ఇంకా చిన్నదయింది, మొన తేలింది, మాయమయింది.

 రెండో బెంచీలోంచి చిట్టి లేచి నిలబడింది. క్లాసులో అందరిలాగే ఆ పిల్లా ఆయన్ని పిలిచేది.

"సార్, మెలిక ఎక్కడికి పోయింది?"

 మాస్టారు సుద్దముక్క చేతిలోకి తీసుకుని బల్లదాకా వెళ్ళాడు, వెళ్ళి ఆగాడు. వెనక్కి తిరిగి ఆ సుద్దముక్కని కూతురివైపు చాపాడు.

చిట్టి బెంచీల మధ్యనుంచి నడిచి వచ్చింది. ఆయన కేసి చూడలేదు. ప్రొజెక్టరు వెలుగు ఆ పిల్ల వీపు మీద పడి గీత వంకరపోయింది. అక్షాలు కలిసే చోట సుద్ద ఆనించి, గట్టిగా, అరిగిపోయేదాకా తిప్పి ఒక చుక్క పెట్టింది. వేళ్ళు దులుపుకుని వెళ్ళి కూర్చుంది.

"ఎక్కడికీ పోలేదమ్మా" అన్నాడు మాస్టారు.

గంట కొట్టారు. పిల్లలు వెళ్ళిపోయారు. వాళ్ళతో చిట్టీ వెళ్ళిపోయింది, ఆయన కోసం ఆగలేదు. మాస్టారు ప్రొజెక్టరు ఆపాడు. బల్ల మీద వక్రం ఆరిపోయింది, అక్షాలు ఆరిపోయాయి, అంకెలు ఆరిపోయాయి. చుక్క ఒక్కటే ఉంది.

ఆయన అలవాటుగా డస్టరు చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు పట్టుకుని నిలబడి, దాన్ని మళ్ళీ బల్ల కింద చెక్క మీద పెట్టి, తలుపు దగ్గరికి వేసి బయటికి వచ్చాడు. దూరంగా, రోడ్డు మలుపు దగ్గర, చిట్టి ఒక్కతే నడుస్తోంది. వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంటూ నడుస్తోంది. ఆ లెక్క ఆయన ఇచ్చింది కాదు.